పేగు బ్యాక్టీరియా పోటీ, ఉద్దానం కిడ్నీ జబ్బు

పెద్దపేగులో కాపురమున్న బ్యాక్టీరియా తిండికీ చోటుకీ నిత్యం పోటీపడుతూ, బయటి నుంచి వచ్చే రోగక్రిములను నిలదొక్కుకోనివ్వవు. ఈ రక్షణ అందరికీ అవసరమే. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానంగా పిలిచే పలాస, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కిడ్నీ రోగులకు మాత్రం అది జబ్బుతో పాటే సన్నగిల్లుతుంది.

పోటీ చాలా రకాలుగా సాగుతుంది. పేగులోని ఈ.కోలై చక్కెరలనూ ఇనుమునూ ముందే లాగేసుకుని సాల్మొనెల్లా అనే రోగక్రిమిని పస్తు పెడుతుంది. ఈ.కోలైలో కొన్ని రకాలు కోలిసిన్ అనే విషప్రోటీన్‌ను వదులుతాయి. 1925లో బెల్జియం శాస్త్రవేత్త ఆంద్రే గ్రాసియా దీనిని గుర్తించాడు. అన్నిటికన్నా విలువైన పని పీచును పులియబెట్టే బ్యాక్టీరియాది. అవి తయారుచేసే బ్యూటిరేట్‌ను పేగు గోడ కణాలు ఆక్సిజన్‌తో కలిపి ఇంధనంగా వాడుకుంటాయి. దాంతో పేగు లోపలికి ఆక్సిజన్ దాదాపు చేరదు, దాన్ని వాడుకుని పెరిగే సాల్మొనెల్లాకు ఎదుగుదల ఉండదు.

ఈ కాపలా ఎంత గట్టిదో 1950లలో షికాగోలో బోన్‌హాఫ్, మిల్లర్ బృందం ఎలుకల మీద చూపింది. మామూలు ఎలుకకు జబ్బు చేయడానికి సుమారు లక్ష సాల్మొనెల్లా క్రిములు కావలసివస్తే, పేగు బ్యాక్టీరియాను దెబ్బతీసే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకకు పదిలోపే సరిపోయాయి.

కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగిన యూరియా పేగులోకీ చేరుతుంది. యూరియాను అమ్మోనియాగా మార్చగల బ్యాక్టీరియా బలపడి, బ్యూటిరేట్ ఇచ్చేవి తగ్గుతాయి. మాంసకృత్తుల నుంచి బ్యాక్టీరియా చేసే ఇండోల్, పి-క్రెసాల్ కాలేయంలో మారి రక్తంలో పేరుకుంటాయి. అవి ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకోవడం వల్ల డయాలసిస్‌కు సరిగా లొంగవు. ఇదంతా జబ్బు వచ్చాక జరిగేది. ఉద్దానం జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు, పేగు బ్యాక్టీరియాను దోషిగా నిలబెట్టడం తగదు.

ఆహార నియమాలు మరో చిక్కు తెస్తాయి. కొబ్బరితోటల సీమలో పుట్టినవారికే, పొటాషియం పెరిగినప్పుడు కొబ్బరినీళ్లు వద్దనాల్సి వస్తుంది. పండ్లు, ఆకుకూరలు, పప్పులు తగ్గేసరికి పీచు కూడా పోతుంది, మేలుచేసే బ్యాక్టీరియాకు మేత కరవవుతుంది.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. అలాంటి చోట రోగి చేతికిచ్చే ఆహార పట్టికలో మానవలసినవి ఎంత వివరంగా ఉంటాయో, తినదగినవీ అంత వివరంగా ఉండాలి. సొరకాయ, క్యాబేజీ లాంటి పొటాషియం తక్కువున్న కూరలు ఎంత తినవచ్చో రక్తపరీక్ష చూసి వైద్యులు చెప్పాలి. యాంటీబయాటిక్‌లు కూడా వారి సలహా మీదే వాడాలి.