సరిహద్దులోని స్త్రీకి చట్టము అందునా? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో గృహహింసాబాధితల సహాయవ్యవస్థ

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున ఆదోని పత్తివిపణికిని, ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకారసంఘమునకును ప్రసిద్ధి వహించినవి. అయినను ఈ రెండు పట్టణముల చుట్టునున్న కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు పల్లెలలో అధికభాగము వానకై ఎదురుచూచు మెట్టసేద్యమే. వాన మొగము చాటువేసిన యేట ఇండ్లకు తాళములు వేసి, మిరపకోతలకును పత్తితీతకును కుటుంబములకు కుటుంబములే గుంటూరుసీమకు సుగ్గికి, అనగా కూలివలసకు, తరలిపోవును. మరియొకవైపున బళ్లారి, సిరుగుప్ప, రాయచూరులతో వియ్యములు తరతరములుగా సాగుచున్నవి. బ్రతుకుతెరువొక దిక్కునకును, మనువొక దిక్కునకును కొనిపోవు ఈ సీమ ఆడుబిడ్డ, భర్త చేతి దెబ్బలకు ఓర్వలేననుకొన్ననాడు ఎవరి గడప త్రొక్కవలెను? ఆమె యెక్కడనున్న నక్కడికే వచ్చునట్లు చట్టము రచింపబడినది. దానిని నడపవలసిన ముఖ్యసేవలు మాత్రము జిల్లా కేంద్రముననే నిలిచిపోయినవి. ఈ యంతరమును నిరూపించి, దానిని పూడ్చు మార్గమును సూచించుటయే ఈ వ్యాసోద్దేశము.

చట్టస్వరూపము

భర్తయు, అతని బంధువులును చేయు క్రూరత్వమును నేరముగా పరిగణించు 498-ఎ సెక్షను 1983లో భారత శిక్షాస్మృతియందు చేరినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలోని 85, 86 సెక్షన్లు దాని స్థానమును పొందినవి. నేరస్థునికి శిక్ష పడుట న్యాయమే యైనను, ఆ రాత్రి ఆమెకు తలదాచుకొను చోటును, బిడ్డలకు గ్రాసమును దానివలన లభింపవు. ఈ కొఱతను తీర్చుటకై వెలసిన 2005 నాటి గృహహింస నిరోధకచట్టము 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చి, శారీరక, లైంగిక, వాచిక, మానసిక, ఆర్థిక హింసలన్నిటిని హింసగానే గుర్తించి, రక్షణ, నివాసము, భరణము, బిడ్డల సంరక్షణ, నష్టపరిహారము అనువానిని ఒకే దరఖాస్తుతో మేజిస్ట్రేటు నర్థించు వీలు కల్పించినది. సాధారణముగా మూడు దినములలో తొలి వాయిదాయు, అటుపిమ్మట అరువది దినములలో పరిష్కారమును జరుగుటకు ప్రయత్నింపవలెనని అందు నిర్దేశింపబడినది. రక్షణోత్తర్వును మీరినవానికి ఏడాది వరకు ఖైదు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఈ సీమకు మిక్కిలి ప్రాణప్రదమైనది 27వ సెక్షను. బాధిత తాత్కాలికముగా నివసించుచున్న చోటనైనను, పనిచేయుచున్న చోటనైనను దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అచ్చట వెలువడిన యుత్తర్వు దేశమంతటను చెల్లుననియు అది చెప్పుచున్నది. కావున గుంటూరు మిరపచేల నడుమ గుడిసెలోనున్న కూలియైనను, సిరుగుప్పనుండి ఆదోని పుట్టింటికి మరలివచ్చిన కోడలైనను తానున్నచోటనే న్యాయమడుగగలదు. పుట్టింట తలదాచుకొన్న స్త్రీ 498-ఎ ఫిర్యాదును అచ్చటనే చేయవచ్చునని 2019లో రూపాలీదేవి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. మామగారి పేరనున్న ఇల్లైనను కోడలు కాపురమున్న ఉమ్మడి నివాసము కావచ్చునని 2020లో సతీశ్ చందర్ అహూజా వ్యాజ్యమున స్పష్టమైనది.

చేనేత కుటుంబములందు ఈ నివాసహక్కునకు మరియొక ప్రయోజనము గలదు. మగ్గమున్నది ఇంటిలోనే, నూలు తోడి, కండెలు చుట్టి, అచ్చు అతుకుటకు తోడుపడు స్త్రీకి వేరుగ కూలి లేదు. ఇల్లు వెడలగొట్టబడిన యామె ఒక్కసారిగ నీడను, జీవనోపాధిని కూడ కోల్పోవును. కావున ఎమ్మిగనూరున నివాసోత్తర్వును అడుగు న్యాయవాది, మగ్గముపై ఆమె శ్రమను గూడ న్యాయస్థానమునకు విన్నవింపవలెను.

బాధిత నడచు దారి

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. కోరినవారును అధికముగా ఆశ్రయించినది పుట్టింటివారినే. అనగా తొలి సహాయకులు తల్లిదండ్రులు, అన్నదమ్ములు; ఆపై పెద్దమనుషుల పంచాయితీ. "సర్దుకొని పో తల్లీ, పిల్లల మొగము చూడు" అను మాటతో ముగియు పంచాయితీ ఆమెను తిరిగి ఆ దెబ్బల క్రిందికే పంపును. అటుపిమ్మట గృహహింస చట్టము క్రింద బాధితకు తోడుపడవలసిన రక్షణాధికారిని, 2015లో ప్రారంభమైన సఖి పథకము క్రింద వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, కౌన్సెలింగు, తాత్కాలికాశ్రయము ఒక్కచోట నందింపవలసిన కేంద్రమును చేరవలెనన్న, ఆదోనినుండి నూరు కిలోమీటర్లకు దగ్గరగానున్న కర్నూలునకు ప్రయాణింపవలెను. చంకలో బిడ్డతో, బస్సు చార్జీకి వెదకుకొనుచు, దినకూలి వదలుకొని పోవలసిన దూరమది.

పూడ్చు మార్గము

ఈ సీమకు స్త్రీల సంఘటితశక్తి కొత్తది కాదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటనుండి లేచిన సారావ్యతిరేకోద్యమము కర్నూలుజిల్లాకును వ్యాపించినది. త్రాగివచ్చి కొట్టు భర్తల హింసయే దానికి ముఖ్యకారణములలో నొకటి. అటుపై పొదుపుసంఘముల సమాఖ్యలు సామాజిక కార్యాచరణ కమిటీలను, కుటుంబసలహా కేంద్రములను నడపినవి. 2019లో గ్రామ, వార్డు సచివాలయములందు మహిళా సంరక్షణ కార్యదర్శులును నియమితులైరి. బాధిత మొఱ తొలుత చేరు పుట్టింటికి సమీపమున నున్నవారు వీరే. రాజీ కుదిరినదా లేదా యనుటను గాక, ఆమె ప్రాణము, ఆమె యిచ్ఛ రక్షింపబడినవా యనుటనే ఈ కమిటీలు తమ కొలబద్దగా గ్రహింపవలెను.

2025 మే నెలలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకాస్థాయులలో రక్షణాధికారులను గుర్తించి ఆరు వారములలో నియమింపవలెనని రాష్ట్రముల నాదేశించినది. ఆ యాదేశము ననుసరించి ఆదోని, ఎమ్మిగనూరులయందు వేర్వేరుగ, అన్యకార్యభారము లేని రక్షణాధికారియు, రాత్రివేళ తెరచియుండు ఆశ్రయగృహమును, తెలుగు, కన్నడము, ఉర్దూ తెలిసిన సహాయకురాలును, సుగ్గికాలమున గుంటూరు అధికారులతో నిత్యసంబంధమును ఏర్పడవలెను. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభింపవలెనని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే చెప్పుచున్నది గనుక, ఈ సంగతి ప్రతి పొదుపుసంఘపు సమావేశమునను చదివి వినిపింపదగినది. ఈ వ్యాసము చదువువారిలో పంచాయితీకి పిలువబడు పెద్దలున్నయెడల వారికొక విన్నపము: ఆమెను తిరిగి పంపుటకు ముందు 181కి ఫోను చేయుడు, ప్రాణాపాయమున్నచో 112కు చేయుడు, ఆమె యేమి కోరుచున్నదో ఆమె నోటనే వినుడు.