భారతదేశంలో ప్రభుత్వ పథకాల మూల్యాంకనం

ఒక పథకం అనుకున్న మేలు చేసిందా, చేస్తే ఎవరికి చేసింది, చేయకపోతే ఎందుకు చేయలేదు అన్నది పద్ధతి ప్రకారం తేల్చే పనే మూల్యాంకనం. ఆడిట్ ప్రధానంగా డబ్బు సక్రమంగా ఖర్చయిందా అని చూస్తుంది. మూల్యాంకనం ఆ ఖర్చుతో జనం బతుకులో ఏం మారిందని అడుగుతుంది. అమెరికాలో ఈ రంగం 1965 నాటి పాఠశాల విద్యా చట్టంతో ఊపందుకుంది. భారతదేశంలో అంతకు పదమూడేళ్ల ముందే దీనికి పునాది పడింది.

1952 అక్టోబర్ 2న సమాజ అభివృద్ధి పథకం 55 ప్రాజెక్టులతో మొదలైంది. దాని ఫలితాలను పరిశీలించేందుకు ప్రణాళికా సంఘం అదే నెలలో కార్యక్రమ మూల్యాంకన సంస్థను నెలకొల్పింది. జనం పాలుపంచుకోవడం అంతంతమాత్రంగా ఉందని, ఫలం చాలావరకు స్థితిమంతులకే అందుతోందని ఆ సంస్థ నివేదికలు దాచకుండా చెప్పాయి. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ కూడా పథకంలో ప్రజల భాగస్వామ్యం కొరవడిందని గుర్తించి, మూడంచెల పంచాయతీరాజ్‌ను సిఫార్సు చేసింది. 1959లో రాజస్థాన్, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలు చేశాయి.

ఆ ఊపు నిలవలేదు. పథకాలు రూపొందించే ప్రణాళికా సంఘం కిందే మూల్యాంకన సంస్థ పనిచేయడం మొదటి నుంచీ ఉన్న లోపం. దాన్ని సరిదిద్దడానికి స్వతంత్ర మూల్యాంకన కార్యాలయం 2013లో పని మొదలుపెట్టింది. ప్రణాళికా సంఘాన్నే తొలగించి వేరే సంస్థ పెట్టాలని 2014లో నిర్మొహమాటంగా సూచించిన ఆ కార్యాలయం అదే ఏడాది మూతపడింది. 2015 సెప్టెంబర్‌లో పాత మూల్యాంకన సంస్థను, మూతపడిన ఈ కార్యాలయాన్ని కలిపి, ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్‌లో అభివృద్ధి పర్యవేక్షణ, మూల్యాంకన కార్యాలయంగా మార్చారు.

పద్ధతుల్లో పెద్ద మార్పు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కనిపించింది. పిల్లల చదువు మెరుగుపడితే ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చే ప్రయోగానికి 2005 నుంచి ఐదు జిల్లాల్లో పాఠశాలలను లాటరీ తరహాలో ఎంపిక చేశారు. బోనస్ ఉన్న బడుల పిల్లలు రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ మిగతావారికంటే ముందున్నారని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించారు.

దానికన్నా విశిష్టమైనది ఉపాధి హామీ సామాజిక తనిఖీ. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఈ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పని కోసం 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువత మస్టర్లు (హాజరు పట్టికలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి ముట్టింది అని అడిగి రాసుకునేవారు. ఆ వివరాలను గ్రామసభలో చదివేవారు. తర్వాత మండల ప్రజావేదికలో అధికారులు అందరి ముందూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. లబ్ధిదారులే మూల్యాంకనం చేసే పద్ధతిని ప్రభుత్వ వ్యవస్థగా నిలపడం ఈ రంగానికి తెలుగు నేల ఇచ్చిన గొప్ప చేర్పు. ప్రతి రాష్ట్రంలో సామాజిక తనిఖీ విభాగం ఉండాలని కేంద్రం 2011లో నిబంధనలు తెచ్చింది. విభజన తర్వాత తెలంగాణ తన సొంత సంస్థను పెట్టుకుంది. అయితే తనిఖీల్లో బయటపడిన అక్రమాలకు తగినట్టు సొమ్ము రికవరీ కాలేదు, బాధ్యులపై చర్యలూ ఆ స్థాయిలో లేవు.