జీపు పోయింది, తొట్టి మిగిలింది

అమెరికాలో కొంతమందికి ఒక పిచ్చి ఉంది. ఇంటి షెడ్డులో వెల్డింగు మెషీను పెట్టుకుని, కొండదారుల్లో జీపు వెనకాల లాక్కెళ్ళే ట్రైలర్ సొంతంగా కట్టుకుంటారు. ఎవరికి వాళ్ళే డిజైనర్లు. కానీ ఆ డిజైన్లలో చాలావాటికి మూలం ఒకటే, రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు ట్రైలర్. దాని కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసిన కథలాగే ఉంటుంది.

1940 జులైలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని 135 కంపెనీలకి కబురు పంపింది. ప్రోటోటైపు 49 రోజుల్లో ఇవ్వాలి! గడువులోగా బదులిచ్చినవి రెండే. ఒకటి విల్లీస్. రెండోది పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్ళో దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్. (బాంటమ్ అంటే పొట్టి కోడిపుంజు, పేరుకి తగ్గ కంపెనీయే.) 49 రోజులకి ఒప్పుకున్నది బాంటమ్ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు బయటినుంచి వచ్చి రెండు రోజుల్లో డ్రాయింగులు గీసేశాడు. సెప్టెంబరు 23న, గడువుకి సరిగ్గా అరగంట ముందు బండి చేరింది.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. క్లయింటుగారు ఆ డ్రాయింగుల్ని విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ చూపించేశారు. చిన్న కంపెనీ వేలకొద్దీ బళ్ళు చెయ్యలేదన్నది సైన్యం భయం. యుద్ధం ముంచుకొస్తుంటే ఆ భయం మరీ అర్థం లేనిదేం కాదు. చివరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేలు కూడా లేవు. దానికి మిగిలిన పని జీపు వెనక తగిలించే పావు టన్ను ట్రైలర్.

ఆ ట్రైలర్ మాత్రం భలే పని. చక్రాలు, టైర్లు జీపువే, కాబట్టి ఒక్క స్టెప్నీ రెండిటికీ సరిపోతుంది. చక్రాల మధ్య వెడల్పూ జీపుదే, కాబట్టి బురదలో జీపు వేసిన గాడిలోనే ఇదీ నడుస్తుంది. లేకపోతే కొత్త గాడి తవ్వుకోవాల్సిన భారం కూడా జీపు మీదే పడుతుంది. కొక్కేనికి రింగు తగిలించే పద్ధతి వల్ల ఎగుడుదిగుడు దారిలో రెండూ చెరోవైపు ఒరిగినా జాయింటు పట్టెయ్యదు. తొట్టి నీళ్ళలో తేలుతుంది, లోపలికి నీళ్ళొస్తే వదలడానికి అడుగున రంధ్రాలు, మూతలు.

యుద్ధమయ్యాక ఇవి మిలిటరీ సెకండ్ హ్యాండులో జనానికి దొరికాయి. 1960లలో వచ్చిన ఎం416 ట్రైలర్‌దీ అదే వరస. ఇవాళ ఇంట్లో ట్రైలర్ కట్టేవాళ్ళు మొదట చూసుకునేవీ అవే: చక్రం, వెడల్పు, కొక్కెం.

1948లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జీపు తన సృష్టి అని విల్లీస్ ప్రచారం చేసుకోకూడదంది. అయినా 1950లో ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు విల్లీస్‌కే దక్కింది. బాంటమ్ 1950లలో కనుమరుగైంది.

నన్నడిగితే తప్పు ప్రోటోటైపు మరొకరికి చూపించడంలో లేదు, దానికి వెల కట్టకపోవడంలో ఉంది. కష్టపడి పీఓసీ చేసి, ప్రాజెక్టు పెద్ద కంపెనీకి పోతే చూస్తూ కూర్చున్నవాళ్ళు మనలో తక్కువేం కాదు. అలాంటివాళ్ళు ఈసారి జీపు కనిపిస్తే, దాని వెనకాల తొట్టి ఉందేమో కూడా చూడండి.