శింది చెట్టు – మన మగ్గము

షోలాపూరులో మరాఠీ సోదరులు ‘శింది’ అనే చెట్టునే మన పెద్దలు ఈతచెట్టు అన్నారు. పేరు మారినది గాని చెట్టు మారలేదు. ఉగాది సంచికలో గుళ్ళను గురించి, మగ్గాలను గురించి వ్రాసేవారు చాలమంది ఉన్నారు. మేము ఈ చెట్టును గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. కారణము లేకపోలేదు. ఈ పట్టణపు చరిత్రలో మరపురాని రోజులు ఈ చెట్టు మొదటనే ఆరంభమైనవి.

ముందు దాని పని చూతము. తాటికల్లు గెలనుండి దిగుతుంది, ఈతకల్లు మ్రాను పైభాగమును చెక్కగా దిగుతుంది. ఒక ఏడు ఒక వైపున, మరు ఏడు రెండవ వైపున గీస్తారు. అందుచేత ముదిరిన ఈతమ్రాను మెట్లుమెట్లుగా వంకరలు తిరిగి కనబడును. ఆ గాట్లు లెక్కిస్తే ఎన్నేండ్లు గీసినారో తెలిసిపోవును. నడుముకు మోకు, చేతిలో కత్తి, చెట్టుకు లొట్టి: ఇవే గీతవాని ఆస్తి. కత్తి లోతు తప్పితే చెట్టు చచ్చును, లోతు చాలకపోతే చుక్క దిగదు. సాలెవాని చేతికి పోగు బిగువు ఎట్లా తెలియునో, గీతవాని చేతికి మ్రాను అట్లా తెలియును.

తెల్లవారకముందు దించిన నీరా తియ్యగా ఉండును. ఎండ ఎక్కిన కొద్దీ గాలిలోని పులుపు దానిని పట్టి, సాయంత్రమునకు కల్లు అవుతుంది. నూటికి నాలుగైదు పాళ్ళే మత్తు. మరునాటికి పులిసిపోవును. కనుక దానిని దూరదేశాలకు పంపడానికి లేదు, దాచడానికి లేదు.

ఫ్రాన్సు దేశపు సంగతి ఇందుకు వేరు. అక్కడ కొన్యాక్ ప్రాంతములో ద్రాక్షసారాయము కాచుట మార్చి 31తో ముగియవలెనని నియమము. ఆ తరువాత రాగి బట్టీలు చల్లారి కూర్చుండును. 1990లలో అక్కడి ఒక సంస్థవారు ఆ ఖాళీ బట్టీలలో ‘జిన్’ కాచడము మొదలుపెట్టినారు. ధాన్యమునుండి తీసిన సారాయములో జూనిపర్ కాయలు వేసి మరల కాచినదే జిన్. ఆ కాయలను మన ఆయుర్వేదము హపుష అన్నది. వాటికి తోడు ధనియాలు, ఏలకులు, దాల్చినచెక్క చేరును. ఐరోపా నియమము ప్రకారము దానిలో మత్తు నూటికి ముప్పదియేడున్నర పాళ్ళకు తగ్గరాదు. సీసాలో ఏండ్లతరబడి చెడదు, ఓడ ఎక్కును, చేసినవాని పేరు ప్రపంచమంతా తెలియును. మన గీతవాని నైపుణ్యము తక్కువది కాదు. వాని సరుకు ఒక్కరోజు సరుకు, అంతే. అందుకే వాని పేరు ఊరు దాటలేదు.

కాని పన్ను మాత్రము ఊరు దాటి వచ్చి వానిని పట్టినది. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టము వచ్చినది. కల్లు కుండలు లెక్కించుట కష్టము, చెట్లు లెక్కించుట సులభము. అందుచేత సర్కారు చెట్టుచెట్టుకు పన్ను వేసినది. ఉప్పు మీద పన్ను ఎట్టిదో, ఈతచెట్టు మీద పన్ను అట్టిదే అయినది.

ఆ చట్టమునకు ఒక్క ఏడు ముందు, 1877లో, షోలాపూరులో మొదటి నూలుమిల్లు వెలసినది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ పల్లెలలో మిల్లునూలు, మిల్లుబట్ట వచ్చి చేమగ్గమును దెబ్బతీయగా, మన తాతలు మూటాముల్లె కట్టుకొని ఈ ఊరు చేరినారు. పేటలలో మగ్గాలు నాటినారు. పగలంతా గుంటలో కాళ్ళాడించినవానికి సాయంత్రము శింది దుకాణము పిలిచేది. అందులో మత్తూ ఉన్నది, విడిచివచ్చిన పల్లె వాసనా ఉన్నది. ఇంట్లో దీపానికి నూనె లేని రోజులూ ఉన్నవి.

1930 మే 5న గాంధీజీని నిర్బంధించినారు. వార్త విని షోలాపూరు భగ్గుమన్నది. మే 8న జనము రూపాభవాని పరిసరములలోని శింది చెట్లను నరకబోయినారు. పోలీసులు పట్టుకొన్నారు, జనము అడ్డగించినది, కాల్పులు జరిగినవి. శంకర్ శివ్‌దారే అను యువకుడు నేలకొరిగెను. పోలీసులు ఊరు విడువగా, కొన్ని రోజులు ఈ పట్టణమును ప్రజలే నడిపినారు. మే 12న సైనికశాసనము వచ్చినది. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ శిందే — ఈ నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీసినారు. వారిలో హిందువులున్నారు, ముస్లిమున్నాడు, వ్యాపారియున్నాడు. నేడు నాలుగు హుతాత్ముల చౌకు మీదుగా పోయేటప్పుడు చేతులు జోడించని షోలాపూరువాసి ఉండడు.

అయినను ఒక సంగతి మాకు మనసులో మెదలుచుండును. గొడ్డలి పడినది సర్కారు పన్ను మీద, త్రాగుడు మీద. కాని పడుటకు ముందు ఆ చెట్టు ఒక గీతవాని ఇంటి అన్నము కూడ. వృత్తి కూలిన బాధ మనకు తెలియనిది కాదు. మన తాతలను ఊరు విడిపించినది అదే గదా! అందుచేత ఆ త్యాగములో పేరు లేని గీతవానికి కూడ ఒక పాలు ఇవ్వవలెనని మా విన్నపము.

1949లో బొంబాయి మద్యనిషేధ చట్టము, 1950 నుండి పూర్ణనిషేధము వచ్చినవి. చెట్టు కల్లు మాయమైనది గాని త్రాగుడు మాయము కాలేదు. దాని చోట ‘హాత్‌భట్టి’ సందులలోకి వచ్చినది. కల్లు పులిసితే ముక్కుకు తెలియును. దొంగసారాలో ఏమి కలిసినదో త్రాగినవాడు పడిపోతేగాని తెలియదు. చట్టము బట్టీని మూయగలదు, బట్వాడానాటి దాహమును మూయలేదు. అది ఇంటివారి పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించినారు. ఆ అలజడి రాష్ట్రమంతా వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించినారు. అక్కడ సర్కారు ముందుగా కదలలేదు. వంటింటినుండి మాట లేచిన తరువాతనే కదలినది.

కనుక చరిత్ర మనకు చెప్పునది ఇది: గీసినవాని నైపుణ్యమును గౌరవింతము, నరికినవారి త్యాగమును తలచుకొందము, వారపు కూలిని మాత్రము తిన్నగా ఇల్లాలి చేతికి చేర్చుదము. క్రొత్త యేటి పచ్చడి ప్రతి ఇంటను అందరు కలిసి కూర్చుండి తినునట్లు కావలెనని మా కోరిక.