ఆకులో చక్కెర: అస్కా చెరకు నుండి పొన్నగంటి వరకు

గోపాలపూర్ తీరం నుండి బరంపురం మీదుగా సాగిపోతే ఋషికుల్యా నదీతీరాన అస్కా పట్టణం వస్తుంది. గంజాం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న పంతొమ్మిదవ శతాబ్దంలోనే అక్కడ మించిన్ దొర చక్కెర కర్మాగారాన్ని నడిపించాడు. కర్మాగారం చెరకు రసం నుండి చక్కెరను వేరుచేస్తుంది. ఆ చక్కెరను తయారుచేసేది మాత్రం ఆకు.

ఎండలో పచ్చని ఆకు ప్రాణవాయువును విడుస్తుందని 1779లో ఇంగెన్‌హౌస్ తెలిపాడు. అందుకు బొగ్గుపులుసు వాయువు అవసరమని కొద్దికాలానికే సెనెబియర్ చూపాడు. అయితే ఆ వాయువు ఏయే మెట్లు దాటి చక్కెరగా మారుతుందో మరి నూటయాభై ఏళ్ళకు పైగా అంతుబట్టలేదు. 1940లో అమెరికాలోని బర్క్‌లీలో రూబెన్, కామెన్‌లు కార్బన్-14ను కనుగొనడంతో దారి దొరికింది. ఆ అన్వేషణ ముగియకముందే, 1943లో ప్రయోగశాలలో విషవాయువు సోకి రూబెన్ మరణించాడు.

అక్కడే కాల్విన్, బెన్సన్, బాషమ్‌లు ఆ పని కొనసాగించారు. ఆకుపచ్చని శైవలాలకు కార్బన్-14 గల వాయువును అందించి, కొన్ని క్షణాలకే వాటిని వేడి ఆల్కహాలులో జారవిడిచి, ఏ పదార్థంలో ఆ కార్బన్ చేరిందో పరిశీలించారు. ఐదు కార్బన్ల చక్కెరతో ఒక అణువు బొగ్గుపులుసు వాయువు కలిసి, మూడు కార్బన్ల ఆమ్లం రెండు అణువులుగా ఏర్పడుతున్నట్లు తేలింది. సూర్యరశ్మి నుండి లభించిన శక్తితో ఆ ఆమ్లం చక్కెరగా మారుతుంది. అలా ఏర్పడిన ప్రతి ఆరు అణువులలో ఐదు, తొలి చక్కెరను తిరిగి నిర్మించడానికే వినియోగమవుతాయి. మొక్కకు మిగిలేది ఒక్కటే. 1961లో నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కరికే దక్కింది. నేడు ఆ వలయానికి ముగ్గురి పేర్లూ కలిపి చెప్పడం న్యాయంగా ఉంది.

చెరకు దారి వేరు. అందులో మొదట నాలుగు కార్బన్ల ఆమ్లం ఏర్పడుతుందని హవాయిలో కోర్ట్‌షాక్ బృందం గమనించగా, 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్‌లు ఆ మార్గాన్ని వివరించారు. వరిలో తీవ్రమైన ఎండవేళ రుబిస్కో అనే ఎంజైము బొగ్గుపులుసు వాయువుకు బదులు తరచు ప్రాణవాయువును పట్టుకొని శ్రమను వృథా చేస్తుంది. చెరకు బొగ్గుపులుసు వాయువును లోపలి కణాలలో కూడబెట్టి ఆ నష్టాన్ని తప్పించుకుంటుంది.

ఈ చరిత్రలో తెలుగువారికీ స్థానముంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య వి.ఎస్. రామదాస్, జి. రాజేంద్రుడు, జె.ఎస్.ఆర్. ప్రసాద్ గార్లు 1986లో పొన్నగంటి ప్రజాతిని పరిశీలించారు. కూరకు వండుకునే పొన్నగంటి వరి దారిని, ముళ్ళ పొన్నగంటి చెరకు దారిని అనుసరిస్తుండగా, అదే ప్రజాతిలోని మరి రెండు మొక్కలు ఆ రెండింటికీ నడుమ ఉన్నాయని వారు నిరూపించారు. ఒక మార్గం నుండి మరొకటి ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి ఇటువంటి మొక్కలు ఆధారం.

చెరకు నేర్పును వరికి అలవరచాలని శాస్త్రజ్ఞులు నేడు కృషి చేస్తున్నారు. అది ఫలిస్తే అదే నేల, తక్కువ నీటితో ఎక్కువ మందికి అన్నం పెట్టగలదు. పెరటిలోని పొన్నగంటిని శ్రద్ధగా చూసే విద్యార్థికి ఆ కృషిలో పాలుపంచుకునే అవకాశం ఇంకా ఉంది.