గింజ నడిచిన దారి, గింజ దాగిన పాతర (కరువుల చరిత్ర – 5వ భాగం)



పోయిన వారం హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, రెండు మార్కెట్ల మధ్య ధాన్యం ధర తేడా రవాణా ఖర్చును మించి ఉండదని మా పుస్తకంలో ఉంది. మించితే వ్యాపారి ఇక్కడ కొని అక్కడ అమ్ముతాడట, తేడా తగ్గిపోతుందట. మరి ధాత కరువులో బళ్లారికి రైలుండి కూడా జనం ఎందుకు చచ్చారు?"

మంచి ప్రశ్న. అప్పటికప్పుడు ఏదో చెప్పాను కానీ నాకే తృప్తి లేదు. అందుకే ఈ భాగం మొత్తం ఆ తమ్ముడికే.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఒక ఊళ్లో గింజ ధరకీ ఇంకో ఊళ్లో ధరకీ మధ్య ఉండే తేడా అంటే ఆ దారి ఖరీదు. ఈ నెల ధరకీ ఆర్నెల్ల తర్వాత ధరకీ మధ్య తేడా అంటే గింజను దాచిన ఖరీదు: పురుగు తిన్నది, తడిసి పాడైంది, ఆ డబ్బు మీద వడ్డీ. ఇంతవరకూ ఒప్పుకుందాం. పుస్తకం వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ దారి ఎవరిది, ఆ పాతర ఎవరిది, గింజను మోసిందెవరు?

రైలు రాకముందు గింజ ఎద్దు మీద నడిచింది. లంబాడీల పెరికెద్దులు వందలూ వేలుగా తాండాలతో కదిలేవి. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు పైకి, పైనుంచి గింజలు కిందికి. మొగలాయి సైన్యాలకూ, నిజాముకూ, కుంఫిణీకీ యుద్ధాల్లో తిండి మోసింది వీళ్లే. మన కోస్తాలో, రాయలసీమలో ఎరుకల వాళ్లు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ గింజలూ వేసుకుని బండి పోలేని ఊళ్లకు చేర్చేవాళ్లు.

మామూలు ఏడాదిలో ఈ పద్ధతి నడిచింది. ఎందుకంటే ఎద్దు దారి పక్కన గడ్డి మేస్తుంది, వాగులో నీళ్లు తాగుతుంది. అంటే రవాణా ఖర్చులో పెద్ద భాగం భూమే భరిస్తుంది. వాన పోయిన ఏడాది చూడండి. గడ్డి లేదు, నీళ్లు లేవు. మేత కూడా బండి మీదే మోసుకుపోవాలి. కొంత దూరం దాటాక ఎద్దు తిన్న దాని ఖర్చే లోపలి సరుకు విలువను మింగేస్తుంది. ఎద్దులే చచ్చిపోతే ఆ ఖర్చు కూడా ఉండదు, దారే ఉండదు. గింజ ఎక్కువ అవసరమైన రోజునే దారి ఖరీదు ఆకాశానికంటుతుంది. దీన్ని సగటు రవాణా ఖర్చు అనే లెక్క పట్టుకోలేదు.

1832-33లో గుంటూరు జిల్లాలో జరిగిందదే. నందన నామ సంవత్సరం. మన పెద్దలు డొక్కల కరువన్నారు. దాదాపు 5 లక్షల జనమున్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారు. కృష్ణ మీద ఆనకట్ట అప్పటికి లేదు, అది 1855లో వచ్చింది. సముద్రం పక్కనే ఉంది. ఓడలో గింజ ఒడ్డుకొచ్చినా, ఒడ్డు నుంచి పల్లెకు చేర్చే ఎద్దు లేదు.

ఇక రైలు. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు లైను 1871 నాటికి పూర్తయింది. ఎద్దు రోజుకు 30 కిలోమీటర్లు దాటలేదు, రైలు 600 కిలోమీటర్ల దాకా పోతుంది. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికవేత్త ఈ మార్పును కొలవడానికి మంచి ఉపాయం పట్టాడు. 2018లో అచ్చయిన ఆయన పరిశోధన ఉప్పును కొలబద్దగా తీసుకుంది. ఉప్పు కొన్నిచోట్లే తయారవుతుంది. కాబట్టి ఎక్కడో ఉన్న జిల్లాలో ఉప్పు ధరకీ, అది పుట్టిన చోటి ధరకీ తేడా తీస్తే దారి ఖర్చు తెలిసిపోతుంది. రైలు వచ్చిన చోటల్లా ఆ తేడా తగ్గింది. వాన పోయినప్పుడు ధరలు ఎగిరిపడటం కూడా తగ్గింది. ఈ మాట నేను దాచను. రైలే జనాన్ని చంపిందని మన వాళ్లు కొందరు రాస్తారు, అది సగం మాట.

కానీ ఆ తగ్గిన ఖర్చు ఎవరి బతుకులోంచి తగ్గింది? ఉప్పు మోసే ఎరుకల బతుకులోంచి. రైలూ, సర్కారు ఉప్పు విధానమూ కలిసి వాళ్ల వ్యాపారాన్ని మింగేశాయి. పని పోయి తిరిగే వాళ్లను సర్కారు నేరస్థ జాతి అంది. ఆ చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టింది, రాయచూరు లైను పూర్తయిన ఏడాదే. 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. 1910ల్లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథంతా పుస్తకంగా రాశారు, విద్యార్థులు తప్పక చదవాలి. స్టూవర్టుపురం పేరు చెబితే మన సినిమాలకు దొంగలు గుర్తొస్తారు. వాళ్ల ముత్తాతలు గింజల బేరగాళ్లని ఏ సినిమా చెప్పింది?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం.

1876లో వాన పోయింది. ధాత నామ సంవత్సరం. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు, పక్కన మైసూరు. ధరలు రెండింతలు, మూడింతలు అయ్యాయి. గింజ లేక కాదు. బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఓడల్లో బియ్యం మద్రాసుకు దిగుతూనే ఉంది. రేవు ఒడ్డున బస్తాల కుప్పలు. అక్కడ మొదటి ముడి పడింది. రైలు పెట్టెలు చాలలేదు, సరుకు రేవులోనూ స్టేషన్లలోనూ నిలిచిపోయింది. కాగితం మీద కిరాయి తక్కువే, కానీ పెట్టె దొరకని వాడికి ఆ కిరాయితో పనేముంది? తేడా దారి ఖర్చును మించడానికి మొదటి కారణం అది.

రెండో ముడి, రైలు ఆగిన చోట. కర్నూలు పట్నానికి అప్పటికి రైలు లేదు. గుత్తిలో దింపిన బస్తా కర్నూలు చేరాలంటే మళ్లీ అదే ఎద్దు, అదే ఎండిన దారి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది.

మూడో ముడి గట్టిది, అది దారిలో లేదు. గింజ అవసరమున్న చోటికి పోదు, డబ్బున్న చోటికి పోతుంది. వాన లేకపోతే దుక్కి లేదు, కోత లేదు. పని లేకపోతే మాలమాదిగల చేతిలో కూలి లేదు. బస్తా గుత్తి స్టేషన్లో చవగ్గా దిగినా కొనేదెవరు? 1880 నాటి కరువు కమిషన్ కూడా ఇదే ఒప్పుకుంది, ఇవి తిండి లేని కరువుల కంటే పని లేని కరువులని. ఒప్పుకోవడానికి యాభై లక్షలకు పైగా శవాలు కావలసొచ్చాయి.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కొంత ధాన్యం సర్కారు తరఫున కొనిపించాడు. వైస్రాయి లిట్టన్‌కు కోపం వచ్చింది, వ్యాపారంలో వేలు పెట్టొద్దన్నాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో రాణిగారి దర్బారు జరిపించిందీ ఆయనే. ఆ నెలలోనే రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. ఈ టెంపుల్ 1874లో బీహార్‌లో కరువొస్తే బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడు. దుబారా చేశావని తిట్లు తిన్నాడు. ఇక్కడికొచ్చి ఆ మచ్చ కడుక్కోవాలనుకున్నాడు. మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను గింజ ఖరీదు, పైన కాస్త చిల్లర. పౌనంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ఆరోగ్య శాఖ డాక్టరు కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టదని పోట్లాడాడు.

ఇంకో సంగతి మాదిగ బిడ్డగా నేను వదల్లేను. అదే ఏడాది మద్రాసు నుంచి తోళ్ల ఎగుమతి ఎగబాకింది. పశువులు చచ్చాయి కాబట్టి. తోలు ఒలిచింది మా వాళ్లు. రైలు పైకి వచ్చేటప్పుడు గింజలు, కిందికి పోయేటప్పుడు తోళ్లు. తిరుగు ప్రయాణం ఖాళీగా పోకపోతే కిరాయి గిట్టుబాటవుతుందని రవాణా పాఠంలో చదువుతారుగా, మన పశువుల తోళ్లతో గిట్టుబాటయింది.

దారి తవ్వింది కూడా మనమే. అడయారు, కూవం నదుల్ని కలిపే కాలువ ముక్కను 1877-78లో కరువు పనిగా తవ్వించారు, దాంతో మద్రాసుకు ఉత్తరాన, దక్షిణాన ఉన్న కాలువలు కలిశాయి. ఆ డ్యూక్ పేరే బకింగ్‌హామ్ కాలువ. ఒంగోలు వైపు ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టును అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తీసుకున్నాడు. ఆ మట్టి మోసింది చాలావరకు మాదిగలు. కూలి పని నడుస్తున్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు, బియ్యం కోసం వచ్చారనే మాట పడకూడదని. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. బియ్యం పడవ దారి తవ్విన వాళ్లు ఎటు నడిచారో చెప్పడానికే ఇది రాస్తున్నా, మతం గురించి వాదించడానికి కాదు.

ఇంతవరకూ దారి. పాతర సంగతి నాకు మా నాయనమ్మ నోట తెలుసు.

మా వైపు జొన్నలు పాతరలో పోసేవాళ్లు. గట్టి నేలలో గొయ్యి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి మెత్తేవాళ్లు. ఏళ్ల తరబడి ఉంటాయి. తీసేటప్పుడు లోపల గాలి చెడి ఉంటుంది. ముందు దీపం దింపుతారు, ఆరిపోతే ఆగాలి. దీపం తర్వాత దిగేది మా తాత. ఆసామి దిగడు. దిగినందుకు గోడ అంచుకు అంటుకుని బూజు పట్టిన జొన్నలు ఇచ్చేవాళ్లు. "ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చేదిరా" అనేది నాయనమ్మ.

ఆషాఢంలో ఇంట్లో కుండ ఖాళీ అయితే ఆ పాతర ఆసామి దగ్గరికే పోవాలి నాగుకు. బస్తా తెస్తే కోతలకు బస్తాన్నర కొలవాలి. దీనికి ఆసాములు చెప్పే లెక్క ఒకటుంది, కొంచెం ఆలోచించాల్సిన లెక్కే. ఆషాఢంలో బస్తా 6 రూపాయలు, కోతలప్పుడు 4 రూపాయలు అనుకోండి. ఒకటిన్నర బస్తా అంటే మళ్లీ 6 రూపాయలే. "వడ్డీ ఎక్కడరా? నేను అప్పుడే అమ్ముకుంటే నాకు అంతే వచ్చేది" అంటాడు. డబ్బు లెక్కలో నిజమే! కానీ మా తాతకు డబ్బు లేదు, ఆయనకు కూలి గింజల్లోనే ముట్టేది, అదీ కోతలప్పుడే. ఆ కోతల గింజను తానే ఆషాఢం దాకా దాచుకోగలిగితే పురుగుకు పదో వంతు పోయేదేమో. దాచుకోలేకపోయాడు. కళ్లంలోనే పాత నాగు కొలిచి తీసుకునేవాళ్లు. పదో వంతు నష్టంతో పోయేదానికి సగం కట్టాడు. ఆ మధ్య తేడా గింజను దాచిన ఖర్చు కాదు తమ్ముడూ, దాచుకునే చోటు లేని ఖర్చు. మీ పుస్తకంలో దీనికి గడి లేదు.

రైలొచ్చాక పాతరలూ మారాయి. దూరపు మార్కెట్లో ధర తెలిసిన ఆసామి గింజను ఊళ్లో దాచడం కంటే స్టేషనుకు తోలడం మేలనుకున్నాడు. రాకపోకలు పెరిగాక రైతుల దగ్గర పాత నిల్వలు తగ్గాయని ఆనాటి అధికారులే కొందరు రాశారు. ఆసామికి అది తెలివైన బేరం. నాగుకు పోయిన కూలివాడికి మాత్రం ఇవ్వడానికి పాతరలో ఏమీ లేని ఏడాది వచ్చింది.

ఇప్పుడు కార్డు మీద బియ్యం ఆదిలాబాద్ గూడెంలోనూ కోనసీమలోనూ ఉచితమే. 1965లో పుట్టిన ఎఫ్.సి.ఐ. గోడౌన్లూ, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యమూ లేకపోతే నేను ఈ అక్షరాలు నేర్చేవాణ్ణి కాదు. తినేవాడి మీద నుంచి దారి ఖర్చునూ పాతర ఖర్చునూ సర్కారు తన మీద వేసుకుంది. దాన్ని దుబారా అనే వాళ్లను టీవీల్లో చూసినప్పుడల్లా నాకు టెంపుల్ దొరే గుర్తొస్తాడు.

మొన్న ఒక గోడౌన్ దగ్గర హమాలీ అన్నలతో మాట్లాడాను. కూలి బస్తా లెక్కన. బస్తా 50 కిలోలు. ఎత్తడం, దించడం, నిట్టు కట్టడం, ఒక్కోదానికీ ఒక్కో రేటు. ఆ రేటు పెంచమని రెండేళ్లుగా అడుగుతున్నారు. ఆఫీసులో వాళ్లకొచ్చే జవాబు, రవాణా ఖర్చు పెరిగిపోతోందని.

వచ్చే భాగంలో నిజాం రాజ్యపు లెవీ ధాన్యం, దొరల గడీల్లో గరిసెలు, వాటిని తెరిచిన చేతులు.