జలపాతమెక్కు చేప

మన నదులలో జాలరులెరిగిన ఇసుకదొందు గోబీలను చేపల కుటుంబములోనిది. ఈ చేపలలో పెక్కింటికి పొట్టక్రింది రెక్కలు రెండును కలిసి చిన్న గిన్నెవలె ఏర్పడియుండును. పసిఫిక్ మహాసముద్ర మధ్యమున హవాయి దీవులలో ఈ గిన్నెయే ఒక వింతకు మూలము.

అచటి సెలయేళ్ళ గోబీలను జనులు ఓఓపు అందురు. ఏటిలో గ్రుడ్లు పగిలి వెలువడిన పిల్లలు ప్రవాహమున పడి సముద్రము చేరును. కొన్ని నెలలు ఉప్పునీట పెరిగి మరల ఏటిమొగలకు వచ్చును. పిమ్మట ఆరోహణము. అలమోఓ అను రకము తడిరాతిని గిన్నెతో పట్టుకొనుచు 442 అడుగుల అకాకా జలపాతమును సైతము ఎక్కిపోవును. నోపిలి అను రకము నోటితో కూడ రాతిని పట్టి అంగుళమంగుళముగా ప్రాకును. 'పిలి' యన హవాయి భాషలో అంటియుండుట. అదృష్టము అంటిపెట్టుకొనవలెనని గృహప్రవేశములందును, బిడ్డకు పాలు మాన్పించు వేడుకలందును ఈ చేపను వాడెడివారు. మీనమునకింత మర్యాద!

1860లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ గిల్ నోపిలికి శాస్త్రనామమిచ్చెను. పదియారేండ్లు గడచునంతలో ఆ ఏళ్ళకు గండము వచ్చిపడెను. 1875 నాటి సంధి ననుసరించి 1876 నుండి హవాయి చక్కెర అమెరికాకు సుంకము లేక పోసాగెను. చెరకు మిగుల నీరు త్రాగు పైరు. మావీ దీవిలో వాన కురియునది తూర్పు కొండలపై, చెరకు పెరుగునది నడిమి మైదానమున. అలెగ్జాండర్, బాల్డ్విన్ అను భాగస్వాములు 1876–78 నడుమ 17 మైళ్ళ హమాకువా కాలువ త్రవ్వించిరి. మిల్లులో ఒక చేయి కోల్పోయిన బాల్డ్విన్, మలికో లోయలోనికి దిగుటకు కూలీలు జంకగా, ఒంటిచేత త్రాడు పట్టి తానే దిగెనని ప్రసిద్ధి. సాహసమే, కాదనరాదు. కాని ఆ కాలువయు, దాని వెనుక వచ్చిన కాలువలును ఏళ్ళను అడ్డముగా కోసినవి. దిగువ పల్లెలలో చేమదుంప పండు నీటిమళ్ళకు కొరత వచ్చెను. జలపాతమెక్కగల చేపయైనను ఎండిన రాతిని ఎక్కలేదు; సముద్రమునకు పోవలసిన పిల్లలు కాలువలో పడి చెరకుతోటల దారి పట్టెను.

2001లో అచటి హవాయి రైతులు 27 ఏళ్ళ నీటికై ప్రభుత్వ జలసంఘమునకు అర్జీ పెట్టిరి. తీర్పుకు పదునేడేండ్లు పట్టినది. నడుమ 2016లో ఆ చెరకు కంపెనీయే సాగు మానివేసెను! చేమ పండు ఏళ్ళకు నీరు మరల విడువవలెనని 2018 జూన్‌లో ఉత్తర్వు వెలువడెను.

ఓఓపు తాను పుట్టిన ఏటికే మరలవలెనను నియమము లేదు. వేరొక ఏటిలో పుట్టిన పిల్లలైనను, మంచినీరు సముద్రమును తాకుచోట లోనికి తిరిగి, మొదటి రాతిని పట్టుకొనును.